ఆకేరు వాగు వెంట ఊళ్ల కొత్త సర్పంచులకు, వార్డు మెంబర్లకు: చివరి నల్లా దగ్గరి నుంచి ఒక లేఖ

అయ్యా, అమ్మా,

2025 డిసెంబరు పంచాయతీ ఎన్నికల్లో గెలిచిన మీకందరికీ నమస్కారం. 2024 ఫిబ్రవరి మొదట్లో పాత పాలకవర్గాల గడువు అయిపోయింది. అప్పటినుంచి దాదాపు రెండేళ్లు పైపు పగిలినా, వీధి లైటు పోయినా ఎవరి గడప తొక్కాలో మాకు తెలియలేదు. పంచాయతీ చూడమని పెట్టిన స్పెషలాఫీసర్ గారికి వేరే డ్యూటీ ఉంది, దానికి తోడు మా ఊరు. ఇప్పుడు పిలిస్తే పలికే దూరంలో సర్పంచ్ ఉన్నారు. అందుకే ఇన్నాళ్లు కడుపులో పెట్టుకున్నదంతా ఒకేసారి రాస్తున్నాను. కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

నేను వర్ధన్నపేట వైపు ఒక ఊళ్లో అంగన్‌వాడీ టీచర్‌గా చేసి రిటైరైన దాన్ని. మా సర్పంచ్ నా సెంటర్లో ఉడికించిన గుడ్డు తిననని రోజూ మొండికేసిన పిల్ల. నిన్నటిదాకా ‘బిడ్డా’ అని పిలిచిన నోటితో ‘సర్పంచ్ గారూ’ అనడం ఇంకా అలవాటు కాలేదు. ఊరి పేరు మాత్రం రాయను. రాస్తే ‘అది వాళ్ల ఊరి లొల్లి’ అని మిగతా ఊళ్లవాళ్లు పక్కన పెట్టేస్తారు.

పోయిన ఎండాకాలం మా మహిళా సంఘం ఆడవాళ్లం ఒక పని చేశాం. నల్లా వచ్చే టైముకు వీధికొకరం ఒకే సైజు స్టీలు బిందె పట్టుకుని, ఫోన్లో టైం చూసుకుంటూ నిలబడ్డాం. బిందె నిండడానికి ఎంతసేపు పడుతుందో రాసుకోవడం, అంతే. వాటర్ ట్యాంకు పక్క వీధిలో నిమిషంన్నర. బడి దగ్గర మూడు నిమిషాలు. దళితవాడ చివరి ఇంట్లో మొదటి రోజు పదిహేడు నిమిషాలు పట్టింది. రెండో రోజు బిందె సగం కూడా కాకముందే నల్లా బంద్ అయింది. మూడో రోజు బుస్సుమని గాలి వచ్చింది. ఆ ఇంటి ముసలమ్మ నా మొహం చూసి నవ్వింది. ‘‘గాలైతే మస్తు వస్తది టీచరమ్మా, పట్టుకపో’’ అంది.

కారణం కోసం ఇంజినీరును పిలవాల్సిన పని లేకపోయింది. పై వీధుల్లో ఏడు ఇళ్లవాళ్లు నల్లా పైపుకే మోటార్లు బిగించుకున్నారు. నల్లా వచ్చే టైముకు స్విచ్ వేస్తారు, మిద్దె మీది ట్యాంకు నిండేదాకా ఆపరు. ఆ ఏడింటిలో ఒకటి మా మరిదిది. పండగకు పోయినప్పుడల్లా వాళ్లింట్లో షవర్ కింద హాయిగా స్నానం చేసి వచ్చిన దాన్ని నేనే. అది ఎవరి నీళ్లో అని ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

ఇంటింటికీ నల్లా ఇచ్చిన మిషన్ భగీరథ నీళ్ల మీద నాకు ఫిర్యాదు లేదు. 2016 ఆగస్టు 7న గజ్వేల్ దగ్గర కోమటిబండలో ఆ పథకం మొదలైన రోజు టీవీ ముందు కూర్చుని చూశాం. బిందె నెత్తిన పెట్టుకుని పొలాల బావుల వెంట తిరిగిన ఆడదానికి ఇంటి ముందు నల్లా అంటే ఏమిటో వేరే ఎవరూ చెప్పనక్కరలేదు. పల్లెలో మనిషికి రోజుకు 100 లీటర్లని లెక్క వేసి కట్టిన పథకం అది. మా ఊరి ట్యాంకు దాకా నీళ్లు బాగానే వస్తున్నాయి. అక్కణ్నుంచి దిగాకే అవి తగ్గుతున్నాయి, అక్కడే పాడవుతున్నాయి. ఆ ట్యాంకు నుంచి చివరి నల్లా దాకా ఉన్న దూరం ఎవరిది? పంచాయతీది. రాజ్యాంగం పదకొండో షెడ్యూల్‌లో తాగునీరు పంచాయతీ పనుల్లోనే ఉంది.

పాడవడం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మోటారు పెట్టుకున్నవాళ్లకే ఈ సంగతి తెలియదు. పైపులో నీళ్లు ఒత్తిడి మీద పోతున్నంతసేపు ఎక్కడైనా పగులుంటే నీళ్లు బయటికి కారతాయి. ఒత్తిడి పోతే బయటున్నది లోపలికి వస్తుంది. మా ఊళ్లో పైపులైను మూడు చోట్ల మోరీని దాటుతుంది. ఏడు మోటార్లు ఒకేసారి పీలిస్తే ఆ జాయింట్ల దగ్గర ఏం జరుగుతుందో మీరే ఊహించుకోండి. ఆ మోరీ నీళ్లు మోటారు పెట్టినవాడి ట్యాంకుకూ పోతాయి, చివరి ఇంటి బిందెకూ పోతాయి. ఒక్క తేడా ఏంటంటే, మోటారున్న వాడు తాగడానికి క్యాన్ కొనుక్కుంటాడు.

కేంద్రం వాళ్ల తాగునీటి పథకం జల్ జీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు ఆడవాళ్లకు నీళ్ల పరీక్ష నేర్పాలన్న మాట ఉంది. మా ఊరికి వచ్చిన కిట్టు పంచాయతీ బీరువాలో, పాత రిజిస్టర్ల వెనక, అట్టపెట్టె కూడా విప్పకుండా దొరికింది. కొన్ని మందుల గడువు అయిపోయింది, మళ్లీ తెప్పించుకున్నాం. వాడటం చాలా సులువు. చిన్న గాజు గొట్టంలో నీళ్లు పోసి మందు చుక్కలు వేస్తే, క్లోరిన్ ఉంటే పసుపు రంగు తిరుగుతుంది. నల్లా దగ్గరికి వచ్చేసరికి లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. ట్యాంకు పక్క వీధి నీళ్లు లేత నిమ్మపండు రంగుకు వచ్చాయి. చివరి ఇంటి నీళ్లు ఎట్లా పోశామో అట్లాగే ఉన్నాయి. ఇంకో పరీక్షలో సీసా నింపి మూత పెట్టి ఒకటి రెండు రోజులు వదిలేయాలి. మలంలో ఉండే బ్యాక్టీరియా ఉంటే నీళ్లు నల్లబడతాయి. ఆ సీసాను మా ఇంట్లో బియ్యం డబ్బా పక్కన పెట్టాను. తెల్లారి లేచి చూస్తే సిరా బుడ్డిలా ఉంది.

ఆ సీసాను చాలాసేపు చేతిలో పట్టుకుని కూర్చున్నాను. ఆ వాడ పిల్లలకు వాంతులు, విరేచనాలు అయినప్పుడల్లా వాళ్ల తల్లులను కసిరిన దాన్ని నేను. చేతులు కడుక్కోమని పిల్లలతో పాట పాడించిన దాన్ని నేను. వాళ్లు కడుక్కున్నారు. ఈ నీళ్లతోనే కడుక్కున్నారు.

ఇక ఫిల్టర్ ప్లాంటు నీళ్ల సంగతి. మా ఊళ్లో ఇప్పుడు భగీరథ నీళ్లు తాగేవాళ్లు తక్కువ, బోళ్లు తోమడానికీ బట్టలు ఉతకడానికీ వాడేవాళ్లు ఎక్కువ. తాగడానికి క్యాన్. దీని వెనక ఒక గారడీ ఉంది. ఆ మధ్య ఫిల్టర్ల సేల్స్‌మన్ ఒకడు మా ఇంటి ముందు కరెంటు తీగలున్న ఇనుప కడ్డీలు రెండు గ్లాసుల్లో ముంచాడు. ఒక గ్లాసులో నల్లా నీళ్లు, ఇంకోదాంట్లో ప్లాంటు నీళ్లు. క్షణాల్లో నల్లా నీళ్లు తుప్పు రంగుకు తిరిగి, పైన మురుగు తేలింది. ప్లాంటు నీళ్లు తెల్లగానే ఉన్నాయి. ‘‘చూశారా మేడం, ఇదే మీరు తాగుతున్నది’’ అన్నాడు. వాడకట్టంతా నోరు తెరిచింది. నేను వంటింట్లోకి పోయి చిటికెడు ఉప్పు తెచ్చి వాడి ప్లాంటు నీళ్లలో వేసి, ‘‘మళ్లీ పెట్టు నాయనా’’ అన్నాను. ఈసారి ఆ గ్లాసు నల్లా గ్లాసు కంటే ఘోరంగా మారింది. నీళ్లలో లవణాలుంటే కరెంటు పారుతుంది, కడ్డీలోని ఇనుము కరిగి తుప్పు పడుతుంది. ఆ మురుగు కడ్డీది, నీళ్లది కాదు. సేల్స్‌మన్ డబ్బా సర్దుకుని పక్క వీధికి పోయాడు. అక్కడ ఉప్పు తెచ్చేవాళ్లు లేరేమో, రెండు మిషన్లు అమ్ముకున్నాడని తర్వాత తెలిసింది.

భారత ప్రమాణాల ప్రకారం తాగే నీళ్లలో లీటరుకు 500 మిల్లీగ్రాముల దాకా కరిగిన లవణాలుంటే బాగున్నట్టే. ప్లాంటువాళ్లు బోరు నీళ్లు తోడి, అందులో ఉన్న లవణాలు చాలావరకు తీసేసి, ఒక క్యాన్ మంచినీళ్లకు అంతకు మించిన నీళ్లు మోరీ పాలు చేసి మనకు అమ్ముతారు. ఇవి మన భూమిలో నీళ్లే. ఇంత చెప్పినా ప్లాంటును మూసేయమని నేను అడగను. మన జిల్లాలో కొన్నిచోట్ల బోర్లలో ఫ్లోరైడ్ ఉంది, పళ్ల మీద గోధుమ రంగు గారలతో వచ్చిన పిల్లలను నేను చూశాను. ఫ్లోరైడ్ నీళ్లు మరగబెడితే పోదు, ఇంకా చిక్కబడుతుంది. అలాంటి చోట ఫిల్టరు అవసరమే. నేను అడిగేది, ఆ ప్లాంటు నీళ్లు కూడా మా గాజు గొట్టంలోకి రావాలని. రోజుకు ఇరవై రూపాయలు క్యాన్ల మీద పెట్టే కూలి మనిషికి, అందులో ఏముందో తెలుసుకునే హక్కు లేదా? కాలుష్యం లేని నీళ్లు పొందడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 1991లోనే, సుభాష్ కుమార్ కేసులో చెప్పింది.

ఈ చివరి ఇంటి లెక్క నాకు మా తాత దగ్గర్నుంచి వచ్చింది. ఆయన మా ఊరి చెరువుకు నీరటి. చేతిలో పార, భుజాన గొంగడి. తూము ఎత్తేదీ దించేదీ ఆయనే. ఎవరి మడికి ఎన్ని గంటలో ఆయన నోటి లెక్క. చెరువు నిండా ఉన్న ఏడు ఎవరూ ఎవరినీ అడగరు. నీళ్లు తక్కువైన ఏడే నీరటి పనితనం తెలుస్తుంది. అలాంటప్పుడు ఊరంతా కట్ట మైసమ్మ దగ్గర కూర్చుని ఈసారి ఎంత పొలం పారించాలో తేల్చుకునేవాళ్లు. దాన్నే తైబందీ అంటాం. తేల్చాక మా తాత కాలువ చివరి మడికి ముందు నీళ్లు కట్టేవాడట. కాలువ తలాపున ఉన్న పెద్ద రైతులు రాత్రిళ్లు వచ్చి మడవ విప్పుకుంటే, గొంగడి కప్పుకుని గట్టు మీద పడుకున్న మనిషి లేచి మళ్లీ కట్టేవాడట. అందుకు ఆయనకు కల్లం కాడ వడ్లు కొలిచి ఇచ్చేవాళ్లు. అందరి కల్లాల్లోంచీ గింజలు వస్తాయి కాబట్టి ఏ ఒక్కరికీ జంకాల్సిన పని లేదు.

తాతల కాలమంతా బంగారమని చెప్పడానికి ఇది రాయడం లేదు. అదే కాలంలో దళితులకు ఊరి బావి మీద చెయ్యి పెట్టే వీలు లేదు. వాళ్లు ఆకేరులో చెలిమెలు తోడుకునేవాళ్లు. నీరటి న్యాయం పొలం దాకే, బావి దగ్గర దానికి నోరు లేదు. మా తాత కూడా ఆ బావి గురించి ఎవరినీ అడిగినట్టు నేను వినలేదు.

ఇప్పుడు నీరటి స్థానంలో మల్టీపర్పస్ వర్కర్ ఉన్నాడు. పొద్దున చెత్త ట్రాక్టరు, మధ్యాహ్నం మోరీలు, సాయంత్రం లైట్లు, మధ్యలో వాల్వ్ తిప్పడం. మా ఊళ్లో అతనికి జీతం ఏ నెలది ఎప్పుడొస్తుందో తెలియదు. పై వీధి పెద్దమనిషి వచ్చి ‘ఇంకో అరగంట తిప్పు’ అంటే కాదనే ధైర్యం అతనికి ఎక్కడిది? అప్పు ఇచ్చేది ఆ పెద్దమనిషే కదా. మోటార్లు తీయించండని మేమంతా ఆ పిల్లవాడి మీద పడటం పాపం. ముందు అతని జీతం సంగతి చూడండి. వాల్వ్ తిప్పే టైం రాసి పంచాయతీ గోడ మీద పెట్టండి. అప్పుడు ఎవరైనా అరగంట ఎక్కువ అడిగితే అతను గోడ చూపిస్తాడు.

మోటార్ల సంగతి మా ఊళ్లో ఎట్లా జరిగిందో కూడా చెప్తాను. బిందె లెక్కలను సుద్దతో పంచాయతీ గోడ మీద రాశాం, వీధి పేరు, పక్కన నిమిషాలు, అంతే. ఎవరి పేరూ రాయలేదు. రెండో రోజే మా తోటికోడలు వాకిట్లో నిలబడి అరిచింది, ‘‘అక్కా, సొంత ఇంటోళ్లను బజార్ల పెడ్తవా’’ అని. నెల రోజులు మాటల్లేవు. మరిది మాత్రం ఒకరోజు ఎవరికీ చెప్పకుండా మోటారును నల్లా పైపు నుంచి తీసి, వాకిట్లో చిన్న తొట్టి కట్టించి దానికి బిగించుకున్నాడు. నల్లా నీళ్లు తొట్టిలోకి వాటంతటవే వస్తాయి, తొట్టిలోంచి మిద్దె మీదికి మోటారు ఎక్కిస్తుంది. పైపును పీల్చడం ఉండదు. ఆయన్ను చూసి ఇంకో ఇద్దరు మార్చుకున్నారు. నాలుగు ఇళ్లు మిగిలాయి. అందులో ఒకటి మాజీ ప్రజాప్రతినిధిది, అక్కడ మా సుద్దముక్క పని చేయలేదు. ఆ గడప దాకా మీరు రావాలి.

ఇప్పటిదాకా ఊరి లోపలి మాట. ఇక ఆకేరు.

నా చిన్నప్పుడు ఎండాకాలం వాగు ఎండినట్టు కనిపించేది కానీ ఎండేది కాదు. ఇసుకలో మోచేతి లోతు గుంట తీస్తే నీళ్లు ఊరేవి. మొదట బురదగా వస్తాయి, వాటిని కొబ్బరి చిప్పతో తోడి పారబోసి కాసేపు కూర్చోవాలి. గుంట అంచుల నుంచి ఇసుక రేణువులు ఒక్కొక్కటే జారుతుంటే, అడుగున నీళ్లు మెల్లగా తేటపడతాయి. ఆ చెలిమె నీళ్ల చల్లదనం ఫ్రిజ్జులో రాదు. ఇసుక అంటే నీళ్లను దాచుకునే కుండ. వానాకాలం తాగి, ఎండాకాలమంతా పక్క బావులకు కొంచెం కొంచెం వదులుతుంది. దాన్ని అడుగు మట్టి దాకా గీరేస్తే వరద సర్రున జారిపోతుంది, బావులు మాఘమాసానికే అడుగంటుతాయి.

రాత్రి పది దాటాక వాగు వైపు ఎన్ని ట్రాక్టర్లు పోతాయో మీకు నేను చెప్పాలా? మా ఊళ్లో ట్రిప్పుకింత అని గుడి పేరు మీద వసూలు చేసిన రోజులున్నాయి. గుడికి రంగులు వేశారు, బాగుంది. వాగు పక్క బావుల్లో రెండు పూడిపోయాయి. నా ఇంటి స్లాబు కూడా ఆకేరు ఇసుకే, దాచుకోను. ఇల్లు కట్టుకునేవాడికి ఇసుక కావాలి, అది నిజం. కానీ నీళ్లు, భూమి, చెట్ల రక్షణ కోసం 2002లో వచ్చిన వాల్టా చట్టం, దాని కింది నియమాలు తాగునీటి బావులు, వంతెనలు, చెక్‌డ్యాంల నుంచి 500 మీటర్ల లోపు ఇసుక తీయొద్దంటున్నాయి. ఆ 500 మీటర్లను టేపు పెట్టి కొలిచి, రెండు వైపులా రాళ్లు పాతి సున్నం వేయండి. మీ ఊరి యువకులతోనే వేయించండి, ట్రాక్టర్లు నడిపేది వాళ్లే. ఈ పని ఒక్క ఊరు చేస్తే దండగ. మా గట్టున రాయి పాతితే ట్రాక్టరు అవతలి గట్టుకు, మీ ఊరికి వస్తుంది. అందుకే ఈ లేఖ ఒక్క సర్పంచ్‌కు కాకుండా వాగు వెంట ఉన్న అందరికీ రాస్తున్నాను.

వాగు మన ఊరితో మొదలై మన ఊరితో అయిపోయేది కాదు. శ్రీరాంసాగర్ కాలువల మీదుగా గోదావరి నీళ్లు మన పొలాలకు వస్తాయి. మన ఆకేరు మాత్రం ఖమ్మం జిల్లా తీర్థాల దగ్గర మున్నేరులో కలిసి, కృష్ణకు పోతుంది. రెండు నదులకూ మనం బాకీ. 2024 సెప్టెంబరు 1న మరిపెడ దగ్గర సీతారాం తండాను ముంచింది ఈ ఆకేరే, అదే రోజు ఖమ్మంలో మున్నేరు ఇళ్ల మీదికి వచ్చింది. అంత వాన ఎక్కడ పడ్డా వరద వస్తుంది, కాదనను. కానీ పైన చెరువుల్లో ఆగాల్సిన నీళ్లు ఆగకపోతే అవి కిందివాళ్ల ఇళ్లలోనే ఆగుతాయి.

ఎందుకు ఆగడం లేదంటారా? చెరువుకు నీళ్లు తెచ్చే కట్టుకాలువను చూడండి. మిషన్ కాకతీయ కింద 2015 నుంచి చెరువుల్లో పూడిక తీశారు, ఆ మట్టి మా పత్తి చేన్లలో పోసుకున్నాం, మంచి పనే. తీరా చూస్తే మా చెరువు లోతైంది కానీ దానికి నీళ్లు తెచ్చే కాలువ మీద ప్లాట్ల రాళ్లు వెలిశాయి. పై చెరువు మత్తడి దుంకితే ఆ నీళ్లు కింది చెరువుకు రావాలి. గొలుసుకట్టు అంటే అదే. కాకతీయుల కాలం నుంచి మన జిల్లాకు వచ్చిన విద్య అది. పాఖాల, లక్నవరం చెరువులు చూడటానికి ఆదివారం బస్సులు కట్టుకుని పోతాం, మన ఊరి కాలువలో మాత్రం ఎవరి ప్రహరీ గోడ ఉందో చూడం. పాత గ్రామ నక్షా తీయించండి, కాలువ ఎంత వెడల్పో అందులో ఉంటుంది. ఒకరోజు ఆ నక్షా పట్టుకుని పై చెరువు మత్తడి నుంచి కింది చెరువు దాకా నడవండి. మా సంఘం వాళ్లం వెంట వస్తాం. మోకాళ్లు నొప్పులున్నా నేనూ వస్తాను.

పెద్ద పెద్ద పనులకు ఫండ్సు లేవని మీరంటారు, నిజమే కావచ్చు. సుద్దముక్కకు ఫండ్సు అక్కరలేదు. జాయింట్లు మోరీ కింద నుంచి పైకి మార్చడానికి మా ఊళ్లో మేస్త్రీ చెప్పిన ఖర్చు హైమాస్ట్ లైటు కంటే చాలా తక్కువ. ట్యాంకు లోపల ఎప్పుడు కడిగారో ఆ తేదీని ట్యాంకు గోడ మీదే రాయొచ్చు. మా ట్యాంకు మీద ఇప్పుడు ఉన్న రాత 2021ది, అదీ ఒక ఎరువుల కంపెనీ ప్రకటన కింద సగం మాసిపోయింది.

మా సర్పంచ్ గారూ, ఈ ముక్క మీ ఒక్కరికే. మన ఊళ్లో మంగళ, గురు, శనివారాల్లో పొద్దున ఆరున్నరకు నల్లా వస్తుంది. వచ్చే గురువారం దళితవాడ చివరి ఇంటి ముందు ఉంటాను. బిందె నేను తెస్తాను, పరీక్ష సీసా కూడా. మీరు ఫోన్లో టైం చూడండి. చాయ్ ఆ ముసలమ్మ పెడతానంది, నీళ్లు వస్తే.

ఇట్లు,
రిటైర్డ్ అంగన్‌వాడీ టీచర్,
ఆకేరు గట్టున ఒక ఊరు, వరంగల్ జిల్లా